స్నాప్‌షాట్ రీస్టోర్ చేశాక మింట్ బూట్ కావడం లేదు, శుభలేఖల పని ఆగిపోయింది

పర్లాకిమిడి_అచ్చు | సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, కరపత్రాలు వేస్తుంటాం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాల్లో సగం మంది సరిహద్దు అవతల పాతపట్నం వైపే. అందుకే ఇక్కడ శుభలేఖ అంటే ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా.

మెషీన్‌లో లైనక్స్ మింట్ 21 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. చాలా నెలల తర్వాత మొన్న శుక్రవారం అప్‌డేట్లు వేశాను. అప్పటి నుంచి ప్రింటర్‌లో ఎరుపు సరిగ్గా పడటం లేదు. కుంకుమ రంగు రావాల్సిన చోట ఇటుక రంగు వస్తోంది. పెళ్ళి కార్డుకి అది పనికిరాదు కదా. ఇవాళ సాయంత్రం, సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ తెరిచి, గురువారం నాటి స్నాప్‌షాట్ (ఆ రోజు సిస్టమ్ ఎలా ఉందో దాచిన నకలు) రీస్టోర్ చేశాను. నిమిషం కూడా పట్టలేదు. రీస్టార్ట్ చేస్తే మింట్ లోగో వచ్చి పోయింది. తర్వాత నల్ల తెర మీద మీరు ఎమర్జెన్సీ మోడ్‌లో ఉన్నారు, మెయింటెనెన్స్ కోసం ఎంటర్ నొక్కండి అని ఇంగ్లీషులో వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే.

మూడు పెళ్ళిళ్ళ కార్డులు ఇందులోనే ఉన్నాయి. ఒక పార్టీకి గురువారానికల్లా 400 కార్డులు ఇవ్వాలి. అన్నీ చెరిపేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేద్దాం అంటున్నాడు మా తమ్ముడు. చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ_టెర్మినల్ | సోమవారం రాత్రి 9:22

ముందు మీ తమ్ముడిని ఆపండి. ఇన్‌స్టాలర్ జోలికి ఎవరూ వెళ్ళొద్దు.

నిమిషంలోపే రీస్టోర్ అయిందంటే మీది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (డిస్క్‌లో ఫైళ్ళు సర్దే ఒక పద్ధతి, ఫైల్‌సిస్టమ్) మోడ్. అందులో సిస్టమ్ ఒక సబ్‌వాల్యూమ్‌లో, అంటే డిస్క్‌లోని ఒక విడి అరలో ఉంటుంది, దాని పేరు @. మీ ఇంటి ఫోల్డర్ ఇంకో దాంట్లో, @హోమ్‌లో ఉంటుంది. మీరు ప్రత్యేకంగా టిక్ పెడితే తప్ప టైమ్‌షిఫ్ట్ @హోమ్‌ని ముట్టుకోదు. అంటే కార్డుల ఫైళ్ళు నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు క్షేమం. రీస్టోర్‌కి ముందున్న సిస్టమ్ కూడా పోలేదు. దాన్ని టైమ్‌షిఫ్ట్ పక్కకు జరిపి ఇంకో స్నాప్‌షాట్‌గా దాచి ఉంచుతుంది.

ఆ నల్ల తెర మీద ఎంటర్ నొక్కండి, ప్రాంప్ట్ వస్తుంది. నాకు నాలుగు విషయాలు కావాలి:

సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్ అంటే ఏం చూపిస్తోంది
డీమెసేజ్ (కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, ఇచ్చే సందేశాలు) చివరి పది వరుసలు
యూనేమ్ -ఆర్ ఏ నంబరు ఇస్తోంది (ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు)
/లిబ్/మాడ్యూల్స్‌లోనూ (కెర్నల్ విడి భాగాలు ఉండే చోటు) /బూట్‌లోనూ ఏమేం ఉన్నాయి

ఫోటో తీయడం కుదరకపోతే చేత్తో రాసుకుని ఇక్కడ పెట్టండి. ఒక్క అక్షరం కూడా వదలొద్దు.

ధర్మాబాద్_మిర్చి | సోమవారం రాత్రి 9:48

అన్నా, నాకు నిరుడు ఇలాగే అయింది. మా మిర్చి యార్డు దగ్గర అడత్ (కమీషన్) లెక్కలు చూసే మెషీన్ అది. స్వాప్ పార్టిషన్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ ముక్క) మధ్యలో ఒకసారి ఫార్మాట్ చేశాను, తర్వాత పాత స్నాప్‌షాట్‌కి వెళ్ళాను. ఫార్మాట్‌తో స్వాప్‌కి కొత్త యూయూఐడీ (గుర్తింపు నంబరు) వచ్చింది. స్నాప్‌షాట్‌తో తిరిగొచ్చిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు కలపాలో రాసి ఉండే ఫైలు) మాత్రం పాతదే ఉంది. లేని డిస్క్ కోసం ఎదురుచూస్తూ స్టార్ట్ జాబ్ నడుస్తోంది అని 90 సెకన్లు లెక్కపెట్టేది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కొత్త నంబరు రాస్తే కుదిరింది. నీది కూడా అదే కావచ్చు, చూడు.

రాయగడ_టెర్మినల్ | సోమవారం రాత్రి 9:55

మంచి అనుభవం. కానీ స్వాప్ దొరక్కపోతే ఆలస్యమే తప్ప బూట్ ఆగదు. 90 సెకన్ల తర్వాత మీకు లాగిన్ వచ్చే ఉంటుంది. ఇక్కడ నేరుగా ఎమర్జెన్సీలో పడుతోంది, అంటే తప్పనిసరి అనుకున్న పార్టిషన్ ఏదో మౌంట్ కాలేదు, అంటే సిస్టమ్‌కి కలవలేదు. ఆయన వివరాలు వచ్చేదాకా ఆగుదాం.

గుణుపురం_ల్యాబ్ | సోమవారం రాత్రి 10:15

పర్లాకిమిడి అన్నా, మీ దగ్గర లైవ్ పెన్‌డ్రైవ్ (మెషీన్‌ని దాని మీద నుంచే లేపగలిగేది) ఉందా? లేకపోతే చెప్పండి. మన ఊళ్ళ మధ్య ఒకప్పుడు చిన్న రైలుబండి నడిచిన లైనే కదా, బుధవారం పొద్దున బండెక్కి నేనే తెచ్చిస్తాను. నాకు ఎలాగూ అటు పని ఉంది.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం ఉదయం 8:05

అందరికీ దండాలు. పెన్‌డ్రైవ్ లేదు తమ్ముడూ. నెట్ కూడా ఫోన్‌లో ఉన్నదే, షాపులో సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప.

పొద్దున్నే వచ్చి శుభలేఖ చిత్తు కాగితం వెనక రాసుకున్నాను. చూసి చెప్పండి.

ఫెయిల్ అయినవి: బూట్-ఇఎఫ్ఐ.మౌంట్. ఇంకో రెండు మూడు ఉన్నాయి, కానీ ఎర్రగా పైన ఉన్నది ఇదే.
డీమెసేజ్ చివర: ఫ్యాట్-ఎఫ్ఎస్ (ఎస్‌డీఏ1): ఐఓ ఛార్‌సెట్ ఐఎస్ఓ8859-1 నాట్ ఫౌండ్
యూనేమ్: 5.15.0-91-జెనరిక్
/లిబ్/మాడ్యూల్స్‌లో: 5.15.0-76-జెనరిక్. ఇదొక్కటే ఉంది.
/బూట్‌లో: వీఎంలైనజ్ 91, ఇనిట్‌ఆర్‌డీ 91. 76 ఎక్కడా లేదు.

ఇంకొకటి నిన్న చెప్పడం మర్చిపోయాను. శుక్రవారం అప్‌డేట్ అయ్యాక బూట్ పార్టిషన్ నిండిపోతోందని హెచ్చరిక వచ్చింది. అది 500 ఎంబీయే. శనివారం పాత కెర్నల్స్ అన్నీ తీసేశాను.

రాయగడ_టెర్మినల్ | మంగళవారం ఉదయం 8:31

దొరికింది. ఇంత జాగ్రత్తగా రాసినందుకు థాంక్స్, జబ్బంతా ఆ అయిదు వరుసల్లోనే ఉంది.

మీ /బూట్ విడి పార్టిషన్, ఎక్స్‌టీ4 అనే వేరే ఫైల్‌సిస్టమ్. అది @లో భాగం కాదు, కాబట్టి స్నాప్‌షాట్ దాన్ని పట్టుకోలేదు, రీస్టోర్ దాన్ని తాకలేదు. సిస్టమ్ గురువారానికి వెళ్ళిపోయింది, /బూట్ మాత్రం శనివారంలోనే ఉండిపోయింది. మీ పని భాషలో చెప్పాలంటే కవరు మీద ఒక పెళ్ళి పేరు, లోపల కార్డు ఇంకో పెళ్ళిది.

లేచింది 91 కెర్నల్, అంటే ఆ వీఎంలైనజ్ ఫైలు. దానితోపాటు వచ్చిన ఇనిట్‌ఆర్‌డీలో (బూట్ మొదట్లో వాడే చిన్న సరంజామా) బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ ఉంది కాబట్టి @ని మౌంట్ చేయగలిగింది. అందుకే మీకు లోగో దాకా వచ్చింది. ఆ తర్వాత మిగతా మాడ్యూల్స్ కోసం /లిబ్/మాడ్యూల్స్‌లో 91 ఫోల్డర్ వెతికింది, అక్కడ ఉన్నది 76. ఉబుంటు కెర్నల్‌లో ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ లోపలే కలిసి ఉంటుంది, కానీ దానికి కావలసిన అక్షరాల పట్టిక ఆ ఐఎస్ఓ8859-1 విడి మాడ్యూల్. అది దొరకలేదు, అందుకని ఇఎఫ్ఐ పార్టిషన్ (మెషీన్ ఆన్ కాగానే చూసే బూట్ ఫైళ్ళు ఉండేది) మౌంట్ కాలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో అది తప్పనిసరి జాబితాలో ఉంది కనుక, సిస్టమ్‌ని లేపే సిస్టమ్‌డీ మిమ్మల్ని ఎమర్జెన్సీలో నిలబెట్టింది.

టైమ్‌షిఫ్ట్ తప్పేమీ లేదు. తనకు అప్పగించిన దాన్ని సరిగ్గానే వెనక్కి తెచ్చింది.

మామూలుగా అయితే గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే తెర) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి 76 ఎంచుకుంటే అయిపోయేది. మీరు దాన్ని తీసేశారు కాబట్టి లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, @ని, /బూట్‌ని, ఇఎఫ్ఐని వరుసగా మౌంట్ చేసి, డెవ్, ప్రోక్, సిస్, రన్‌లను బైండ్ చేసి, చ్‌రూట్‌లోకి (ఆ డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి) వెళ్ళి కెర్నల్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. రన్‌ని బైండ్ చేయకపోతే లోపల నెట్ పేర్లు దొరకవు, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. దీనికి పెన్‌డ్రైవ్, నెట్ రెండూ కావాలి. గుణుపురం తమ్ముడు బుధవారం వస్తే చేద్దాం.

సిరొంచ_సంగమం | మంగళవారం ఉదయం 10:40

పిల్లలకు పరీక్ష పెట్టి, వాళ్ళు రాస్తుంటే ఇది చదివాను. మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. తెలుగు, మరాఠీ రెండింట్లో వర్క్‌షీట్లు చేసుకుంటాను కాబట్టి ఈ అన్న కష్టం నాకు తెలుసు.

రాయగడ గారూ, ఒక సందేహం. రీస్టోర్‌కి ముందున్న సిస్టమ్‌ని టైమ్‌షిఫ్ట్ దాచి ఉంచుతుందని మీరే అన్నారు. అంటే ఆ దాచిన దాని లోపల 91 మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం ఉండాలి కదా? దాన్ని ఇప్పుడున్న సిస్టమ్‌లోకి కాపీ చేస్తే కెర్నల్‌కి, మాడ్యూల్స్‌కి జత కుదురుతుంది. రూట్ (ప్రధాన సిస్టమ్, ఆ @) ఇప్పటికే మౌంట్ అయి ఉంది, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ కూడా లోడ్ అయి ఉంది. అంటే ఆ ఎమర్జెన్సీ ప్రాంప్ట్ నుంచే చేయొచ్చు. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు.

రాయగడ_టెర్మినల్ | మంగళవారం ఉదయం 10:52

టీచరమ్మా, నూటికి నూరు పాళ్ళు నిజం. నాకు చ్‌రూట్ అలవాటైపోయి ఈ దారి తట్టలేదు. ఈయన పరిస్థితికి ఇదే సరైన మందు.

పర్లాకిమిడి గారూ, వరుసగా ఇలా చేయండి. ఒక్కో వరుస కొట్టాక ఏమొచ్చిందో చూసి మాత్రమే తర్వాతి దానికి వెళ్ళండి.

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /
మౌంట్ -ఓ సబ్‌వాల్‌ఐడీ=5 /డెవ్/ఎస్‌డీఏ3 /ఎంఎన్‌టీ
ఎల్‌ఎస్ /ఎంఎన్‌టీ

మొదటిది రాత హక్కు కోసం. రెండోది డిస్క్‌ని అట్టడుగు మెట్టు నుంచి చూడటానికి. ఎస్‌డీఏ3 అనేది నా ఊహ. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అని ఉన్నది ఏ నంబరో చూసుకోండి.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం మధ్యాహ్నం 12:20

ఎస్‌డీఏ3యే. కానీ ఎల్‌ఎస్ కొడితే గుండె ఆగినంత పని అయింది. @, @హోమ్, టైమ్‌షిఫ్ట్-బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఈ మూడే ఉన్నాయి. నా ఫోల్డర్లు ఏవీ లేవు. చేయి వేయకుండా కూర్చున్నాను.

సిరొంచ_సంగమం | మంగళవారం మధ్యాహ్నం 12:26

అన్నా, భయపడకండి, అలాగే ఉండాలి. ఎల్‌ఎస్ /ఎంఎన్‌టీ/@హోమ్ అని కొట్టండి. మీ యూజర్ పేరుతో ఫోల్డర్ కనిపిస్తుంది, కార్డులు దాని లోపల ఉంటాయి.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం మధ్యాహ్నం 12:31

ఉన్నాయి! మూడు పెళ్ళిళ్ళూ ఉన్నాయి. తల్లీ, మీకు పుణ్యం ఉంటుంది. ముందు అన్నం తినొస్తాను, నిన్న రాత్రి నుంచి సరిగ్గా తినలేదు.

జయపురం_నైట్‌షిఫ్ట్ | మంగళవారం మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఆర్చ్ లైనక్స్. @ని స్నాప్‌షాట్‌తో మార్చాక రూట్ మౌంట్ దగ్గరే ఆగిపోతోంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ సరిగ్గానే ఉంది.

రాయగడ_టెర్మినల్ | మంగళవారం మధ్యాహ్నం 1:24

ఆ వరుసలో సబ్‌వాల్=@ పక్కన సబ్‌వాల్‌ఐడీ=256 లాంటిది ఏదైనా ఉందా చూడండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ని తయారు చేసే జెన్‌ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రెండూ రాసేస్తుంది. స్నాప్‌షాట్ కొత్త @ అయ్యాక పేరు అదే ఉంటుంది గానీ ఐడీ మారిపోతుంది. పేరుకీ ఐడీకీ పొంతన కుదరకపోతే మౌంట్ ఒప్పుకోదు. ఆ సబ్‌వాల్‌ఐడీ ముక్క తీసేసి, పేరు మాత్రం ఉంచండి.

జయపురం_నైట్‌షిఫ్ట్ | మంగళవారం మధ్యాహ్నం 1:50

అదే! లేచింది. రెండు రాత్రులు కూర్చున్నాను దీని మీద. చాలా థాంక్స్ సార్.

రాయగడ_టెర్మినల్ | మంగళవారం మధ్యాహ్నం 2:05

పర్లాకిమిడి గారూ, భోజనం అయిందా? ఇప్పుడు ఏ స్నాప్‌షాట్‌లో 91 ఉందో కనిపెట్టాలి.

ఎల్‌ఎస్ /ఎంఎన్‌టీ/టైమ్‌షిఫ్ట్-బీటీఆర్‌ఎఫ్‌ఎస్/స్నాప్‌షాట్స్/*/@/యూఎస్‌ఆర్/లిబ్/మాడ్యూల్స్

నిన్న సాయంత్రం రీస్టోర్ చేసిన టైముతో ఉన్న ఫోల్డర్‌లో 91 కనిపించాలి. కనిపిస్తే దాన్ని సీపీ -ఏ తో /యూఎస్‌ఆర్/లిబ్/మాడ్యూల్స్/ లోకి కాపీ చేయండి. ఆ -ఏ మర్చిపోవద్దు, లింకులు, హక్కులు అలాగే రావాలి. తర్వాత సింక్ అని కొట్టి, రీబూట్ చేయండి.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం మధ్యాహ్నం 3:02

లేచింది! డెస్క్‌టాప్ వచ్చింది!!

అయిదు ఫోల్డర్లలో నాలుగింట్లో 76, సోమవారం 18-40 అని ఉన్న దాంట్లో మాత్రం 91. మీరు చెప్పినట్టే. కాపీకి అర నిమిషం పట్టింది. ప్రింటర్ ఆన్ చేసి ఒక కార్డు తీశాను, ఎరుపు ఎరుపులాగే పడింది. మా తమ్ముడు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ధర్మాబాద్_మిర్చి | మంగళవారం మధ్యాహ్నం 3:10

శభాష్ అన్నా!

రాయగడ_టెర్మినల్ | మంగళవారం మధ్యాహ్నం 3:18

చాలా సంతోషం. కానీ పని ఇంకా పూర్తి కాలేదు. మనం మాడ్యూల్స్‌ని చేత్తో పెట్టాం, ఆ సంగతి ప్యాకేజీల చిట్టాకి తెలియదు. ఆ చిట్టా కూడా గురువారానికి వెళ్ళిపోయింది కాబట్టి 76 ఉందని, 91 లేనే లేదని అనుకుంటోంది. ఇలాగే వదిలేస్తే తర్వాతి అప్‌డేట్‌లో చిక్కు వస్తుంది.

సిగ్నల్ ఉన్న చోట ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో 91 తాలూకు లైనక్స్-ఇమేజ్, లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా రెండూ వేయండి. మనం పెట్టిన ఫైళ్ళ మీదే అది తన ఫైళ్ళు రాసుకుంటుంది, గొడవ ఉండదు.

ప్రింటర్ సంగతి వేరే. అది చెడింది ప్రింటర్ డ్రైవర్ ప్యాకేజీ వల్లనో, రంగుల సెట్టింగ్ వల్లనో అయి ఉండాలి, కెర్నల్ వల్ల కాదు. ఇప్పుడు మీరు 91 మీదే ఉన్నారు, ఎరుపు బాగానే పడిందంటే ఆ విషయం తేలిపోయింది. అప్‌డేట్ మేనేజర్‌లో ఆ ప్రింటర్ ప్యాకేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇగ్నోర్ పెట్టండి. ముహూర్తాలు అయ్యాక నింపాదిగా చూద్దాం.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం సాయంత్రం 6:45

మేడ ఎక్కి సిగ్నల్ పట్టుకుని రెండూ వేశాను. గ్రబ్ కూడా అదే అప్‌డేట్ అయింది.

ఇంకో చిన్న చిక్కు. గురువారం పార్టీ కార్డు తెరిస్తే తెలుగు పక్క చెదిరిపోయి ఉంది. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని మూడు ముక్కలు ఒకే వరుసలో పెట్టాను. ఇప్పుడు మూడోది కింది వరుసకి దిగిపోయింది, స్తు కింద ఉన్న తావత్తు గణపతి బొమ్మ కిరీటం మీదకి వచ్చి పడింది. అక్షరం కూడా రామభద్రలా లావుగా లేదు, మామూలుగా ఉంది. ఒడియా పక్క మాత్రం చెక్కు చెదరలేదు.

సిరొంచ_సంగమం | మంగళవారం రాత్రి 7:20

అన్నా, రామభద్ర ఫాంట్ ఎప్పుడు వేశారు? గురువారం తర్వాత, మెషీన్ అంతటికీ వర్తించేలా వేశారేమో. /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్ @లో ఉంటుంది, అందుకని స్నాప్‌షాట్‌తో పాటు ఆ ఫాంటూ వెనక్కి పోయింది. కార్డు ఫైలు @హోమ్‌లో ఉంది కాబట్టి అది శనివారం రూపంలోనే ఉంది. ఫాంట్ దొరక్క వేరేది వేసుకుంది.

మీరు కార్డులో ఏమీ సర్దకండి, సేవ్ కూడా చేయకండి. మధ్యాహ్నం మాడ్యూల్స్ తెచ్చుకున్న సోమవారం స్నాప్‌షాట్‌లోనే ఆ ఫాంటూ ఉంటుంది. ఈసారి దాన్ని మీ హోమ్ ఫోల్డర్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్‌లో పెట్టుకోండి, ఎన్ని రీస్టోర్‌లు చేసినా కదలదు. తెలుగు ఫాంట్లన్నీ నేను అక్కడే ఉంచుతాను.

పర్లాకిమిడి_అచ్చు | మంగళవారం రాత్రి 8:02

అవునమ్మా, శనివారమే వేశాను. పెట్టాను, కార్డు యథాతథంగా వచ్చేసింది. కిరీటం మీద తావత్తు లేదు.

గుణుపురం_ల్యాబ్ | బుధవారం ఉదయం 7:15

పెన్‌డ్రైవ్ అవసరం తీరిపోయినా ఇచ్చి వెళ్తాను అన్నా, దగ్గర ఒకటి ఉండాలి. ఒక ప్రశ్న. ఇదంతా /బూట్ విడిగా ఉండటం వల్లే కదా? మా ల్యాబ్‌లో కొత్త మెషీన్లు పెడుతున్నాం. /బూట్‌ని @లోనే ఉంచేస్తే పోతుందా?

రాయగడ_టెర్మినల్ | బుధవారం ఉదయం 8:10

ఎన్‌క్రిప్షన్ లేకపోతే అలాగే చేయండి. గ్రబ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని నేరుగా చదవగలదు. అప్పుడు కెర్నల్, మాడ్యూల్స్ కలిసే వెనక్కి వెళ్తాయి, కలిసే ముందుకు వస్తాయి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసే చోట మామూలుగా /బూట్ విడిగానే ఉంటుంది. అక్కడ అప్‌డేట్‌కి ముందు /బూట్‌ని ఆర్‌సింక్‌తో (ఫైళ్ళు కాపీ చేసే పనిముట్టు) రూట్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాత స్నాప్‌షాట్ తీయండి. టైమ్‌షిఫ్ట్ ఆర్‌సింక్ మోడ్‌లో అయితే /బూట్ కూడా స్నాప్‌షాట్‌లోకి వస్తుంది, కాకపోతే స్థలం, సమయం ఎక్కువ తీసుకుంటుంది.

ఎలా పెట్టుకున్నా పాత కెర్నల్‌ని మాత్రం ఒక్కదాన్నయినా ఉంచండి. 500 ఎంబీ చాలదు, ఒక జీబీ ఇవ్వండి.

సిరొంచ_సంగమం | బుధవారం ఉదయం 8:35

పర్లాకిమిడి అన్నకి ఒక మాట. ఈ స్నాప్‌షాట్లన్నీ అదే ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి. డిస్క్ పోతే అవీ పోతాయి. రెండేళ్ళ కింద వానాకాలంలో కరెంటు ఎగుడుదిగుడుకి నా డిస్క్ ఒక్కసారిగా చచ్చిపోయింది. రెండు తరగతుల వర్క్‌షీట్లు మళ్ళీ మొదటి నుంచి చేశాను, మరాఠీ మాటలకు తెలుగు మాటలు వెతికి పెట్టుకున్న పట్టిక మాత్రం మళ్ళీ చేయలేకపోయాను. దయచేసి కార్డుల ఫోల్డర్‌ని బయటి డిస్క్‌లోకి ఇవాళే కాపీ చేయండి.

పర్లాకిమిడి_అచ్చు | గురువారం రాత్రి 9:30

400 కార్డులూ సాయంత్రం పార్టీ పట్టుకెళ్ళింది. పెళ్ళికూతురి తండ్రి తెలుగు పక్క, పెళ్ళికొడుకు మేనమామ ఒడియా పక్క అక్షరం అక్షరం చదువుకున్నారు, ఒక్క తప్పు దొరకలేదు.

నిన్న గుణుపురం తమ్ముడు షాపుకి వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చి, దానితో మెషీన్ లేచేదాకా దగ్గరుండి చూపించాడు. టీచరమ్మ చెప్పినట్టు బయటి డిస్క్ కొన్నాను, మూడేళ్ళ కార్డులన్నీ అందులోకి ఎక్కించాను. సోమవారం 18-40 స్నాప్‌షాట్‌ని మాత్రం ఇంకా తీసేయలేదు. మిగతా రెండు పెళ్ళిళ్ళ పని అయ్యేదాకా ఉంచుతాను.